తేనెటీగల పెట్టెలో గాలి దారి: అడుగు పలక, ఫ్రేముల దిశ, తలుపు అమర్చుకునే పద్ధతి

ఒక కిలో తేనె తయారయ్యేలోపు పెట్టెలోంచి లీటరున్నరకు పైగా నీరు ఆవిరై బయటకు పోవాలి. లెక్క చూడండి. ఈగ తెచ్చే మకరందంలో 70 శాతం నీరుందనుకుందాం. అది 18 శాతానికి దిగి తేనె కావాలంటే కిలో తేనెకు 2.7 కిలోల మకరందం కావాలి, అందులో 1.7 కిలోల నీరు పోవాలి. పది కిలోల తేనెకు 17 లీటర్లు. ఈ నీళ్లన్నీ ఈగలు రెక్కలతో విసిరి విసిరి బయటకు పంపాల్సిందే. అదే సమయంలో పిల్లలున్న చోట వేడి 33 నుంచి 36 డిగ్రీల మధ్య నిలబెట్టాలి. మే నెలలో రామగుండంలో బయట 45 డిగ్రీలున్నా, డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో గడ్డ కట్టే చలి ఉన్నా ఆ లెక్క మారదు.

ఈ పని ఈగలకు బాగా తెలుసు. వాటికి అడ్డం పడకుండా పెట్టె కట్టడమే మన వంతు. అడుగు పలక, తలుపు (ఈగలు వచ్చిపోయే సందు), ఫ్రేముల (ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాల) దిశ, పై మూత, ఈ నాలుగూ కలిస్తే ఒక గాలి దారి. చాలామంది వీటిని విడివిడిగా చూస్తారు: ఎవరో జాలీ అడుగు మంచిదన్నారని అది వేస్తారు, ఇంకెవరో పైన రంధ్రం పెట్టమన్నారని అదీ పెడతారు. రెండూ కలిసి ఆ ఊరి గాలికి ఏం చేస్తాయో ఆలోచించరు. అందుకే ఈ నాలుగింటినీ ఒకే వరుసలో చెబుతాను. పెట్టె కొత్తగా చేయించుకునేవాళ్లు మొదటి నుంచి చదవండి. ఇప్పటికే పెట్టెలున్నవాళ్లు ముందు లక్షణాలు చూసి గుర్తుపట్టే భాగం చదివి, తర్వాత మిగతాది చూడవచ్చు.

1. మీ ఈగ ఏదో తేల్చుకోండి

మన దగ్గర పెట్టెల్లో పెంచేవి ప్రధానంగా రెండు. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో దొరికే పుట్టతేనెటీగ, అంటే భారతీయ తేనెటీగ ఒకటి. పొద్దుతిరుగుడు, ధనియాల చేల దగ్గర వరుసగా పెద్ద పెట్టెల్లో కనిపించే ఇటాలియన్ ఈగ రెండోది. గాలి విషయంలో ఈ రెండింటికీ పెద్ద తేడా ఉంది. సాయంత్రం పూట తలుపు దగ్గర కూర్చుని చూస్తే ఎవరికైనా కనిపిస్తుంది.

ఇటాలియన్ ఈగ తల లోపలికి, తోక బయటికి పెట్టి నిలబడి రెక్కలు విసురుతుంది. అంటే లోపలి గాలిని బయటకు లాగుతుంది. పుట్టతేనెటీగ దీనికి పూర్తిగా తిరగబడి నిలబడుతుంది. తల బయటికి పెట్టి విసురుతూ బయటి గాలిని లోపలికి తోస్తుంది.

ఇందులోంచి రెండు సంగతులు తేలతాయి. ఇటాలియన్ పెట్టెకు వెడల్పాటి తలుపు ఉంటే చాలావరకు సరిపోతుంది. తలుపులో ఒక పక్క ఈగలు గుంపుగా నిలబడి గాలి బయటకు పంపుతుంటే, ఖాళీగా ఉన్న పక్క నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. పుట్టతేనెటీగల పెట్టెలో తోసిన గాలి పోవడానికి ఇంకో దారి ఉంటే పని సులువవుతుంది. అందుకే పుట్టతేనెటీగలకు పైన చిన్న జాలీ రంధ్రం తప్పనిసరి అని నేనంటాను. ఇటాలియన్‌కు అది అవసరాన్ని బట్టి.

ఇంకో తేడా కూడా ఉంది. ఇటాలియన్ ఈగ చెట్ల బంక తెచ్చి అనవసరమైన సందులన్నీ పూడ్చేస్తుంది. మీరు పెట్టిన రంధ్రం నచ్చకపోతే అదే మూసుకుంటుంది. పుట్టతేనెటీగ బంక వాడదు. మీరు వదిలిన సందు అలాగే ఉండిపోతుంది, అందులోంచి చీమ, మైనపు పురుగు దూరతాయి. కాబట్టి పుట్టతేనెటీగ పెట్టెలో వడ్రంగి పని మరింత బిగువుగా ఉండాలి. గాలి రావాల్సిన చోట తప్ప ఇంకెక్కడా వెలుతురు కనిపించకూడదు.

2. స్టాండు, వాలు

నేల నుంచి 45 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తున స్టాండు ఉండాలి. కాళ్లు నీళ్లు పోసిన గిన్నెల్లో పెడితే చీమలు ఎక్కవు. జాలీ అడుగు వేయబోతుంటే ఈ ఎత్తు మరీ ముఖ్యం. కింద గడ్డి పెరిగితే గాలి ఆగిపోతుంది, పైగా తడి పైకి కొడుతుంది.

తలుపు తూర్పు లేదా ఆగ్నేయం వైపు పెట్టడం మామూలు పద్ధతి. నైరుతి వానలు ఎక్కువగా పడే చోట పడమర, నైరుతి వద్దు. కోస్తాలో ఉన్నవాళ్లకు మాత్రం చిక్కుంది. అక్టోబరు, నవంబరు తుఫానుల్లో జల్లు తూర్పు, ఈశాన్యం నుంచే కొడుతుంది. దాని కోసం దిశ మార్చక్కర్లేదు. పై మూత ముందుకు కనీసం 5 సెంటీమీటర్లు పొడుచుకు వచ్చేలా చేయించండి, లేదా తలుపు మీద రేకుతో చిన్న చూరు కొట్టండి.

పెట్టె ముందుకు కొద్దిగా వాలి ఉండాలి, ముందు అంచు వెనక అంచు కన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికి. అడ్డంగా మాత్రం రసమట్టం పెట్టి ఖచ్చితంగా సమంగా చూసుకోండి. దీనికి కారణం ఫ్రేముల దిశలో ఉంది, అక్కడికి వచ్చినప్పుడు చెబుతాను.

3. అడుగు పలక

పెట్టెలో అన్నిటికన్నా తక్కువ పట్టించుకునేదీ, ఎక్కువ పని చేసేదీ ఇదే. ఈగల రాకపోకలు, గాలి, చెత్త, తడి అన్నీ దీని మీదుగానే. అడుగు పలకను పెట్టెకు మేకులతో శాశ్వతంగా బిగించవద్దు. విడిగా తీయగలిగేలా ఉండాలి. ముఖ్యంగా పుట్టతేనెటీగలు అడుగును అంత శుభ్రంగా ఊడ్చుకోవు. మైనపు పొట్టు, పుప్పొడి రాలి పేరుకుంటే మైనపు పురుగు అక్కడే గుడ్లు పెట్టి, అక్కడి నుంచి పట్టులోకి ఎక్కుతుంది. తర్వాత ఒకరోజు ఈగలు పెట్టె ఖాళీ చేసి వెళ్లిపోతాయి.

మూడు రకాల అడుగులున్నాయి.

చెక్క అడుగు: ఒకటే పలక, మూడు వైపులా బద్దెలు. ముందు వైపు బద్దె లేని ఖాళీయే తలుపు. పలక పెట్టె కన్నా ముందుకు కనీసం 5 సెంటీమీటర్లు పొడవుగా ఉండాలి, ఈగలు దిగడానికి. బరువుతో వచ్చిన ఈగ ఒక్కసారి అక్కడ వాలి తర్వాత నడిచి లోపలికి పోతుంది. చలి ప్రాంతానికి ఇది మంచిది. లోపం ఏమిటంటే తడి, చెత్త దాని మీదే నిలుస్తాయి.

తిరగేసే అడుగు: ఇటాలియన్ పెట్టెల వాళ్లకు పరిచయమే. ఒక వైపు బద్దెలు 22 మిల్లీమీటర్లు, రెండో వైపు 10 మిల్లీమీటర్లు. ఎండాకాలం లోతు వైపు, చలికాలం తక్కువ లోతు వైపు. 10 మిల్లీమీటర్ల వెనక ఒక పాత కథ ఉంది. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాస్టరు గమనించినదేమిటంటే, సుమారు 6 నుంచి 9 మిల్లీమీటర్ల ఖాళీని ఈగలు నడవడానికి దారిగా వదిలేస్తాయి. అంతకన్నా ఇరుకైతే బంకతో పూడుస్తాయి, వెడల్పైతే పట్టు కడతాయి. నేటి కదిలే ఫ్రేముల పెట్టెలన్నీ ఈ లెక్క మీదే నిలబడ్డాయి. అడుగు 22 మిల్లీమీటర్ల లోతుంటే మకరందం జోరుగా వచ్చే రోజుల్లో ఫ్రేముల కింద పట్టు వేలాడదీసే అవకాశం ఉంది. కనిపిస్తే గీకేయండి. పుట్టతేనెటీగకు ఈ కొలతలన్నీ కొంచెం చిన్నవి, ఎందుకంటే ఈగే చిన్నది.

జాలీ అడుగు: మైదానంలో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. చెక్క చట్రానికి అంగుళానికి 8 కళ్లుండే ఇనుప జాలీ కొట్టాలి. తుప్పు పట్టని గాల్వనైజ్డ్ లేదా స్టీలు జాలీ తీసుకోండి. దోమతెర లాంటి సన్న జాలీ వద్దు, మైనపు పొట్టు పడి రెండు నెలల్లో పూడిపోతుంది. పెద్ద కళ్ల కోళ్ల జాలీ అసలు వద్దు, ఈగలు కిందికి దూరతాయి.

చేసే వరుస ఇది. ముందు మూడు వైపులా బద్దెలతో చట్రం చేయండి, వెనక వైపు తెరిచి ఉంచండి. చట్రం పై అంచుకు జాలీ బిగించండి. జాలీ అంచులు వంగి పైకి లేవకుండా సన్న బద్దెతో నొక్కి మేకులు కొట్టండి, లేకపోతే ఆ మూలల్లో పురుగు దాక్కుంటుంది. జాలీ కింద 4, 5 సెంటీమీటర్లు వదిలి రెండు పక్కలా గాడి తీయండి. ఆ గాడిలోకి వెనక నుంచి ట్రే దూర్చాలి. ట్రేకు పలచటి సన్‌ప్యాక్ షీటు గానీ, పాత ఫ్లెక్సీ అతికించిన అట్ట గానీ చాలు. తెల్లటి వైపు పైకి ఉంచండి. తర్వాత జాలీ మీద మూడు వైపులా 10 మిల్లీమీటర్ల బద్దెలు, ముందు తలుపు.

ఈ ట్రే వల్ల ఇంకో లాభం కూడా ఉంది. దాని మీద కొంచెం వంట నూనె రాసి 24 గంటలు ఉంచి తీస్తే, ఇటాలియన్ ఈగల మీద ఉండే వరోవా నల్లులు రాలి అంటుకుంటాయి. ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పుతో ఎర్రటి బొట్టులా కంటికి కనిపిస్తాయి. పొట్టు ఏ వరుసలో రాలిందో చూస్తే, పెట్టె తెరవకుండానే ఈగలు ఏ ఫ్రేముల మీద ఉన్నాయో తెలుస్తుంది. కానీ ట్రేను అలాగే వదిలేయకూడదు. జాలీ కిందికి ఈగలు రాలేవు కాబట్టి ఆ చెత్త మైనపు పురుగుకు నర్సరీ అవుతుంది. వారానికోసారి తీసి తుడవాలి. తుడిచే ఓపిక లేదనుకుంటే ట్రే తీసేసి పక్కన పెట్టండి, చెత్త నేల మీద పడుతుంది.

చెక్క విషయం క్లుప్తంగా. బాగా ఆరిన, ఘాటు వాసన లేని, తేలికైన చెక్క, 22 నుంచి 25 మిల్లీమీటర్ల మందం. మామూలు ప్లైవుడ్ వానకు పొరలు విడిపోతుంది. రంగు బయట మాత్రమే, లేత రంగు. లోపల ఏమీ పూయవద్దు.

4. తలుపు

ఎత్తు 8 నుంచి 10 మిల్లీమీటర్లు దాటకూడదు, ఎలుక దూరదు. వెడల్పు మాత్రం మార్చుకునేలా ఉండాలి. పెట్టె వెడల్పంతా తలుపు వదిలి, దాన్ని తగ్గించడానికి ఒక బద్దె చేయించుకోండి. ఆ బద్దెలో ఒక వైపు 8 సెంటీమీటర్ల గాటు, ఇంకో వైపు 2 సెంటీమీటర్ల గాటు కొట్టిస్తే తిప్పుకుంటూ వాడుకోవచ్చు.

మే, జూన్‌లలో చాలా ఊళ్లలో ఒక ఇబ్బంది వస్తుంది. ఎండ మండిపోతుంటుంది, కానీ పూలు ఉండవు. వేడికని తలుపు పూర్తిగా తెరిస్తే బలమైన పెట్టెల ఈగలు బలహీనమైన పెట్టెను దోచేస్తాయి. దోపిడీ భయంతో తలుపు మూస్తే లోపల ఉడికిపోతాయి. జాలీ అడుగు ఉంటే ఈ బెంగ లేదు: తలుపు 2 సెంటీమీటర్లకు తగ్గించి, కింద ట్రే లాగేయడమే. చెక్క అడుగున్నవాళ్లు తలుపు మూసిన భాగానికి చెక్క బద్దెకు బదులు జాలీ ముక్క పెట్టండి. గాలి పోతుంది, దొంగ ఈగ పోదు.

5. ఫ్రేముల దిశ

తలుపు వైపు నుంచి చూస్తే ఫ్రేముల కొసలు మీకు ఎదురుగా ఉండి, సందులన్నీ తలుపు వైపు తెరిచి ఉంటే దాన్ని కోల్డ్ వే అంటారు. ఫ్రేము మొత్తం తలుపుకు అడ్డంగా, తెరలా నిలబడితే అది వార్మ్ వే. మొదటి దాంట్లో తలుపు నుంచి వచ్చిన గాలి ప్రతి సందులోకీ నేరుగా పోతుంది. రెండో దాంట్లో మొదటి ఫ్రేము గాలిని ఆపి కిందికి, పక్కలకు మళ్లిస్తుంది.

మన మైదానాలకు, అంటే తెలంగాణ అంతా, రాయలసీమ, కోస్తా జిల్లాలకు కోల్డ్ వే చాలు. మన దగ్గర దొరికే లాంగ్‌స్ట్రాత్ (ఇటాలియన్ ఈగలకు వాడేది), న్యూటన్ (పుట్టతేనెటీగలకు వాడేది) రకం పెట్టెలు చాలావరకు ఇలాగే వస్తాయి. అరకు, పాడేరు, చింతపల్లి వైపు చలికాలంలో చెక్క అడుగుతో పెంచేవాళ్లకు వార్మ్ వే ఉపయోగపడవచ్చు. పొడవు వెడల్పులు సమంగా ఉన్న పెట్టె అయితే అడుగు మీద దాన్ని పావు చుట్టు తిప్పితే సరి. పొడవాటి పెట్టె అయితే పొడవు వైపు తలుపు వదిలిన అడుగు విడిగా చేయించుకోవాలి.

దీని మీద వాదనలు చాలా జరుగుతాయి. నా అభిప్రాయంలో దిశ కన్నా అడుగు ముఖ్యం. జాలీ అడుగు తెరిచి ఉంటే గాలి పెట్టె కింద అంతటి నుంచీ పైకి లేస్తుంది, అప్పుడు ఫ్రేములు ఎటున్నా తేడా నామమాత్రం. చెట్టు తొర్రలో ఈగలు తమ పట్లను తలుపుకు ఎటు వీలైతే అటు కట్టుకుని బతుకుతూనే ఉన్నాయి. కాబట్టి ఉన్న పెట్టెను ఇందుకోసం పగలగొట్టకండి.

దిశ నిజంగా లెక్కలోకి వచ్చేది వాలు దగ్గర. ఈగలు పట్టును తూకపు దారంలా నిట్టనిలువుగా దించుతాయి. ఫ్రేము వంగి ఉందని పట్టును వంచవు. కోల్డ్ వేలో పెట్టెను ముందుకు వాల్చితే పట్టు ఫ్రేము తలంలోనే ఉంటుంది, ఇబ్బంది లేదు. పక్కకు ఒరిగితే మాత్రం పట్టు ఫ్రేమును తప్పి కింద పక్క ఫ్రేముకు అతుక్కుంటుంది. వార్మ్ వేలో ఇది తిరగబడుతుంది: ముందు వాలు ఉండకూడదు. నీరు పోవడానికి జాలీ అడుగు గానీ, వాలు చెక్కిన అడుగు పలక గానీ పెట్టి, పెట్టెను మాత్రం అన్ని వైపులా సమంగా ఉంచాలి. పట్టు కట్టడానికి ఆసరాగా ఫ్రేములో పెట్టే మైనం షీటు లేకుండా సన్న పట్టీ మాత్రమే అతికించి వదిలేవాళ్లు ఈ మాట మరవొద్దు.

ఫ్రేముల దూరం: ఇటాలియన్‌కు ఒక ఫ్రేము మధ్య నుంచి పక్క ఫ్రేము మధ్యకు 35 మిల్లీమీటర్లు. పుట్టతేనెటీగకు సుమారు 30 నుంచి 32. పిల్లల గదిలో ఈ దూరం పెంచవద్దు, వేడి నిలవదు. పైన తేనె గదిలో మాత్రం పది ఫ్రేములకు తొమ్మిదే పెట్టి సమంగా సర్దితే పట్టు మందంగా వస్తుంది, కోయడం తేలిక. తేనె గది ఫ్రేములు పిల్లల గది ఫ్రేముల దిశలోనే ఉండేలా పెట్టండి. అప్పుడు సందు మీద సందు వచ్చి గాలి నేరుగా పైకి పోతుంది.

6. పై మూత

లోపలి మూత మధ్యలో 4, 5 సెంటీమీటర్ల రంధ్రం, దానికి జాలీ. బయటి మూతకు రెండు పక్కలా లేదా వెనక చిన్న రంధ్రాలు, వాటికీ జాలీ. లోపలి మూతకూ బయటి మూతకూ మధ్య కొంచెం ఖాళీ ఉంటే ఎండ వేడి నేరుగా దిగదు. బయటి మూత మీద రేకు కొట్టించండి.

పైన ఎక్కువ తెరిస్తే ఎక్కువ మంచిదనుకోవద్దు. బయట 42 డిగ్రీల పొడి గాలి ఉన్నప్పుడు ఈగలు గదుల్లో నీటి బొట్లు పెట్టి విసురుతూ లోపల చల్లబరుస్తాయి. పైన పెద్ద సందు ఉంటే ఆ చల్లదనం వాటి చేతిలోంచి జారిపోతుంది. అలాగే చలి రాత్రి వేడి పైకి పోతుంది. పై రంధ్రాన్ని చెక్క ముక్కతో సగం మూసే వీలుంచుకోండి.

7. కాలాన్ని బట్టి

మార్చి నుంచి జూన్: ట్రే బయటకు, పై రంధ్రం సగం, చెట్టు నీడ లేదా పందిరి. మూత మీద తడి గోనె సంచి. దగ్గరలోనే రాళ్లు వేసిన నీళ్ల పళ్లెం తప్పనిసరి, నీళ్లు లేకుండా ఏ గాలి దారీ పెట్టెను చల్లబరచదు.

వానాకాలం: మైనపు పురుగు విజృంభించే కాలం. ఈగలు కప్పని ఖాళీ పట్లు తీసేసి, పెట్టెను ఈగల సంఖ్యకు తగ్గట్టు కుదించండి. అడుగు వారం వారం శుభ్రం. జల్లు కొట్టే రోజుల్లో ట్రే లోపలికి, వాన తెరిపివ్వగానే బయటకు.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి: అరకు వైపు వలిసె పూలు, మైదానంలో ధనియాలు, పొద్దుతిరుగుడు. మకరందం వచ్చేటప్పుడు గాలి అవసరం ఎక్కువ, చలి పేరుతో అన్నీ మూసేయకండి. రాత్రి బాగా చల్లబడే ఏజెన్సీలో కింద ట్రే వేసి, పైన చిన్న రంధ్రం మాత్రం వదలండి. తేమ పోవడానికి ఆ కాస్త దారి చాలు.

8. గాలి సరిపోతోందా లేదా: పెట్టె చెప్పే గుర్తులు

పొద్దున్నే మూత తీస్తే లోపలి వైపు నీటి బొట్లుంటే తేమ పోవడం లేదు. పక్క ఫ్రేముల్లో పుప్పొడికి బూజు పడితే కూడా అంతే. తలుపు దగ్గర పట్టులో పిల్లలు లేకుండా వెనక సగంలోనే ఉంటే ముందు గాలి కోత ఎక్కువైంది, తలుపు తగ్గించండి. ఎండాకాలం సాయంత్రం ఈగలు గుత్తిలా తలుపు బయట వేలాడితే వేడి కావచ్చు. ట్రే తీసి, నీడ పెంచినా రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే లోపల రాణి గదులు చూడండి, గుంపు విడిపోయే ఏర్పాటు అయ్యుండవచ్చు.

తేనె తీసేముందు ఫ్రేమును అడ్డంగా పట్టుకుని ఒక్క కుదుపు ఇవ్వండి. చుక్కలు రాలితే అది ఇంకా మకరందమే. నాలుగింట మూడు వంతులు మూత కట్టాకే తీయండి. తేనెలో తేమ 20 శాతం దాటకూడదన్నది మన ఆహార భద్రతా ప్రమాణం. తేమ కొలిచే చిన్న రిఫ్రాక్టోమీటరు కొనుక్కుంటే ఊహ పని ఉండదు.

9. పెట్టెలు తరలించేటప్పుడు

మూసిన పెట్టెలో ఈగలు కంగారుపడి వేడి పెంచేస్తాయి. మైనం మెత్తబడి పట్టు కూలుతుంది, మొత్తం గుంపు ఊపిరాడక చనిపోతుంది. కాబట్టి తేనె బరువున్న ఫ్రేములు ముందే తీసేయండి. మిగిలిన ఫ్రేములు కదలకుండా బిగించండి. సాయంత్రం ఈగలన్నీ చేరాక తలుపుకు జాలీ కొట్టి, పై మూత తీసి పెట్టె నోరంతా జాలీ చట్రం బిగించండి. అడుగు ట్రే తీసేయండి. రాత్రే ప్రయాణం.

లారీలో పెట్టెను ఎలా తిప్పి పెడతారన్నది ఇక్కడ ప్రాణం మీది విషయం. ఫ్రేములు బండి వెళ్లే దిశలో పొడవుగా ఉండాలి. అడ్డంగా ఉంటే ప్రతి బ్రేకుకూ పట్లు ఊగి ఒకదానికొకటి కొట్టుకుంటాయి, మధ్యలో ఈగలు, రాణి నలుగుతాయి. వరుసల మధ్య జానెడు సందు వదలండి. పగలు బండి ఆపాల్సి వస్తే నీడలోనే ఆపి జాలీ మీద నీళ్లు చిలకరించండి. చేరిన చోట పెట్టెలు దించాక ముందు రసమట్టం పెట్టి వాలు సరిచేయండి, అర గంట కుదురుకోనిచ్చి, తర్వాతే తలుపు జాలీ తీయండి.